దొరల సంస్కృతము, మన ఋణము

మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను తీరును. ఇందు ఋషిఋణము విచిత్రమైనది. లోకములోని అప్పు ఇచ్చినవానికే తిరిగి చెల్లింపవలెను. ఋషిఋణమును ఋషికి ఎవ్వరును చెల్లింపలేరు. ఆయన చెప్పినదానిని చదివి, మరియొకనికి చెప్పుటయే దానికి చెల్లు. ఆయన ఏ ఉద్దేశముతో చెప్పెనో విచారింపవలసిన అవసరము మన పెద్దలకు తోచలేదు. ఋషి లోకహితమునకే చెప్పునని వారు నమ్మిరి.

అట్లు నమ్ముటకు వీలులేని విద్వాంసులు పదునెనిమిదవ శతాబ్ది చివర మన దేశమున బయలుదేరిరి. వారు ఏలవచ్చినవారు. శిస్తు వసూలు చేయుటకు, తీర్పులు చెప్పుటకు, కొందరు మతము మార్చుటకును మన భాషలు నేర్చిరి. అట్లు నేర్చినవారిలోనే కొందరు నిఘంటువులు కట్టిరి, వ్యాకరణములు వ్రాసిరి, చెదలు తినుచున్న తాటాకులను కాగితమున కెక్కించిరి. వారికి మనము ఋణపడితిమా? పడినచో ఆ ఋణమును ఏ తూనికతో తూచవలెను?

ఇది పండిత సభలకే చెందిన ప్రశ్న కాదు. చార్లెసు ఫిలిప్పు బ్రౌను పేరు వచ్చినప్పుడెల్ల జగిత్యాలలోనేమి, కోరుట్లలోనేమి, సిరిసిల్లలోనేమి మాకు రెండు మాటలు వినబడుచుండును. ఆ మహానుభావుడు లేనిచో తెలుగే లేదని ఒకరందురు. కుంఫిణీ జీతగాని పటమునకు పూలదండ యేమని మరియొకరందురు. పైతరగతుల పిల్లలు సూటిగా అడుగుదురు: "గాయిన మంచోడా, చెడ్డోడా సారూ?" పిల్లవాని ప్రశ్న న్యాయమైనదే. పెద్దలు ఇచ్చు రెండు సమాధానములును సులభమైనవి. సులభముగా దొరకిన సమాధానమును ఒక పర్యాయము తిరగవేసి చూచుట మంచిది.

మొదట ఉద్దేశమును గూర్చి. భగవద్గీతను చార్లెసు విల్కిన్సు ఆంగ్లమున కనువదింపగా 1785లో లండను నగరమున అచ్చయినది. దానికి ముందు వారన్ హేస్టింగ్సు వ్రాసిన లేఖ యొకటి కలదు. జయించి ఏలుచున్న జనులను గూర్చి సంపాదించు ఏ జ్ఞానమైనను రాజ్యమునకు ఉపకరించునని అందులో ఆయన దాచకుండ వ్రాసెను. అదే లేఖలో, ఆంగ్లేయుల ప్రభుత్వము ఈ దేశమున అంతరించిన చాలకాలమునకు కూడ ఈ గ్రంథములు జీవించియుండునని యు వ్రాసెను. చేయి ఒకటే, సిరా ఒకటే. మొదటి వాక్యమును మాత్రమే చదివినవాడు హేస్టింగ్సును కేవలము వర్తకుడనును. రెండవదానిని మాత్రమే చదివినవాడు ఆయనను తత్త్వజ్ఞునిగా చేయును. లేఖను మొత్తముగా చదివినవారు తక్కువ.

బోడెను అను సైనికాధికారి ఆస్తితో ఆక్స్‌ఫర్డున సంస్కృతాచార్య పీఠము వెలసినది. భారతీయులను క్రైస్తవము వైపునకు త్రిప్పుటకు ఆ విద్య తోడ్పడవలెనని దాత కోరిక. 1860లో ఆ పీఠమును పొందిన మోనియర్ విలియమ్సు నిఘంటువును నేడు నిష్ఠాపరుడైన వైదికుని ఇంటిలోని పిల్లలును తిరుగవేయుచున్నారు. వారి నిష్ఠ కేమియు లోపము కలుగలేదు. దాత సంకల్పము గ్రంథమును పుట్టించినది గాని దాని వెంట నడువలేకపోయినది.

ఉద్దేశము చెడ్డదైనచో పనియు చెడ్డదే యనువారిని మేము వేములవాడకు పిలుతుము. సిరిసిల్లకు అది ఎంతో దూరము లేదు. పదవ శతాబ్దిలో అక్కడ ఏలిన రెండవ అరికేసరి కొలువున పంపకవి కన్నడమున భారతకథ వ్రాసి, తన ప్రభువునే అర్జునునిగా చేసెను. రాజును పొగడి అగ్రహారము పొందుట ఆ కాలపు మర్యాద. కావ్యోద్దేశములో రాజసేవ కలదని ఆ కావ్యమును ఎవ్వరును గోదావరిలో పడవేయలేదు. అయితే అరికేసరి సముద్రము దాటి వచ్చి ఈ నేల ధనమును తన దేశమునకు తరలించినవాడు కాడు. పోలిక ఇంతవరకే చెల్లును. ఉద్దేశము పనిని మైలపరుపదు, సరే. కాని పని మంచిదైనంతమాత్రమున ఉద్దేశము కడిగివేయబడదు. ఈ రెండవ మాటను బ్రౌను భక్తులు మరచుచున్నారు.

మన తప్పు లెక్క కట్టుటలో నున్నదని మాకు తోచుచున్నది. షావుకారు జమను, ఖర్చును ఎదురెదురుగా వ్రాసి, తీసివేసి, నిలువ తేల్చును. మంచిని చెడుగును కూడ మనము అట్లే తీసివేసి, మిగిలిన దానినిబట్టి పూలదండయో, నిందయో నిర్ణయింపజూచెదము. మన ధర్మశాస్త్రము ఇట్టి తీసివేతను ఒప్పుకొనలేదు. పుణ్యఫలము వేరుగాను, పాపఫలము వేరుగాను అనుభవింపవలసినదే. స్వర్గారోహణ పర్వమున దుర్యోధనుడు స్వర్గమున సింహాసనముపై కూర్చుండుట ధర్మరాజు చూచెను. తాను మాత్రము కొంతసేపు నరకమును చూడవలసివచ్చెను. ద్రోణుని విషయమున ఆడిన కపటపు మాట ఆయన జీవితమంతటి ధర్మముచేత కొట్టివేయబడలేదు. వీరమరణముచేత దుర్యోధనునకు లభించినది అతని అధర్మముచేత రద్దు కాలేదు. ఈ కథను పిల్లలకు చెప్పుచు, కుంఫిణీ దొరల దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము మనము షావుకారు కవిలెను తెరచుచున్నాము.

సర్ విలియం జోన్సు సంగతి చూడుడు. ఆయన 1783లో కలకత్తా సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా వచ్చెను. మరుసటి సంవత్సరమున ఆసియాటిక్ సొసైటీని స్థాపించెను. 1786లో సంస్కృతమునకు, గ్రీకునకు, లాటినుకు మూలము ఒకటియై యుండునని ప్రకటించి పశ్చిమదేశముల పండితుల చూపు మార్చెను. ఇంత చేసిన ఆయనను సంస్కృతమునకు నడిపించినది భక్తి కాదు, అపనమ్మకము. ధర్మశాస్త్రార్థమునకై కోర్టు పండితులపై ఆధారపడుట ఆయనకు నచ్చలేదు. వారి మాటను తానే సరిచూడదలచెను. శంకతో ప్రారంభమైన చదువు శాకుంతలానువాదము నాటికి ప్రేమగా మారినది. కాని శంక తన ఫలమును తాను ఇచ్చినది. ఆయన మనుస్మృతిని ఆంగ్లీకరింపగా 1794లో అచ్చయినది. ఊరికొక ఆచారముగా, కులమునకొక మర్యాదగా సాగిన వ్యవహారము క్రమముగా అచ్చుపుస్తకమునకు కట్టువడినది. పండితుని నోట వంగుటకు వీలున్న వాక్యము కోర్టులో ఇనుపకడ్డీ యైనది.

అదే అచ్చు, అదే శాస్త్రచర్చ మరియొక వాకిలిని కూడ తెరచెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతి నాధారము చేసికొని వాదించగా 1856లో వితంతు పునర్వివాహ చట్టము వచ్చెను; 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు ఆంధ్రదేశమున మొదటి వితంతు వివాహము జరిపించెను. అచ్చయిన శాస్త్రము స్త్రీకి సంకెలయును అయినది, తాళపుచెవియును అయినది.

ఇక్కడ ఇంటివారి సంగతి యొకటి చెప్పక తప్పదు. జోన్సునకు సంస్కృతము చెప్పుటకు నవద్వీప బ్రాహ్మణు లంగీకరింపలేదు. చివరకు రామలోచనుడను వైద్యకులస్థుడు చెప్పెను. మ్లేచ్ఛునకు చెప్పరాదను నియమమును దొర తన పదవిచేతను, ధనముచేతను దాటిపోయెను. మన ఇండ్లలోని స్త్రీలకు, పొలములోని వానికి, మాలమాదిగలకు అదే నియమము అడ్డు వచ్చినప్పుడు, దాటుటకు వారికి పదవి లేదు, ధనము లేదు. దొర మన విద్యను అపహరించెనని ఆక్రోశించువారు, ఆ విద్య అంతకుముందు ఎవరి సొత్తుగా ఉండెనో కూడ చెప్పవలెను. నేడు సిరిసిల్ల మరమగ్గముల నడుమ పెరిగిన బాలిక శాకుంతలమును చదువదలచినచో ఆమెను వారించువాడు లేడు. ఈ మార్పు దొరల దయ కాదు. మన సంస్కర్తల పోరాటము. కాని ఆ పోరాటమునకు చేతికందిన పనిముట్లలో అచ్చుపుస్తకము మొదటిది, దానిని మొదట వేసిన చేతులలో దొరల చేతులును కలవు.

ఇక బ్రౌను. కలకత్తాలో 1798లో పుట్టి, 1817లో ఉద్యోగార్థియై చెన్నపట్టణమునకు వచ్చి, అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరములు దిద్దెను. 1820లో కడపకు చేరెను. అబ్బే డుబాయి గ్రంథమున వేమన ప్రస్తావన చూచి, ఈ కవి యెవడని వెదకనారంభించెను. పండితులు వేమనను కవులలో లెక్కింపని కాలమది. పామరుల నోట మాత్రము ఆ పద్యములు ఆడుచుండెను. బ్రౌను వ్రాతప్రతులు సేకరించి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేయించెను. 1839లో వెలువడిన రెండవ కూర్పున పద్యములు 1164 అయినవి. మనవారు అరుగు దిగువన కూర్చుండబెట్టిన కవిని పరాయివాడు పీటపై కూర్చుండబెట్టెను. దీనికి మనము సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో మేము తేల్చి చెప్పము, రెండును కలుగుచున్నవి.

కడపలో బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను పెట్టి, తన జీతము నుండి వారికి జీతములిచ్చెను. ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించుట, ఒకదానితో నొకటి పోల్చుట, పాఠభేదములు గుర్తించుట, శుద్ధప్రతి వ్రాయించుట, టీక చేయించుట, ఇది అక్కడి నిత్యకృత్యము. జీతము చాలక అప్పులపాలయ్యెను. మనము ఎవరికి ఋణపడితిమని చర్చించుచున్నామో ఆయన తానే ఋణస్థుడై తిరిగెను! లండనునకు పోయినప్పుడు ఇండియా హౌసులో దుమ్ము పట్టియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, ప్రభుత్వమును ఒప్పించి 2106 గ్రంథములను చెన్నపట్టణమునకు మరలించెను. 1852 మొదలు 1854 వరకు ఆయన నిఘంటువులు వెలువడినవి. 1855లో దేశము విడిచెను, 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యెను, 1869లో సంస్కృత ఛందస్సును గూర్చి పుస్తకము వేసెను, 1884లో మరణించెను.

ఇవి అందరు చెప్పునవే. అంతగా చెప్పనిది ఒకటి యున్నది. నందన సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమలో ఘోరమైన కరవు వచ్చెను. డొక్కల కరవని జనులు దానిని నేటికిని తలచుకొందురు. అప్పుడు బ్రౌను అక్కడ ఉద్యోగములో నుండెను. తోటి అధికారులు కాగితములపై ధాన్యపు కొరత యని మెత్తని మాటలు వ్రాయుచుండగా, ఆయన కరవును కరవనియే వ్రాసెను. మా దృష్టిలో ఇది నిఘంటువు కంటె చిన్న పని కాదు. మాటకు సరియైన అర్థము వెదకుటయే వృత్తిగా పెట్టుకొన్నవాడు, చచ్చుచున్న జనుల ఎదుట తప్పుమాట వ్రాయలేకపోయెను. అయినను కరవును కరవనినంతమాత్రమున కుంఫిణీ శిస్తు పద్ధతి ఆయనది కాకపోదు. ఆయన ఆ యంత్రములో ఒక చక్రము. జీతము అందులోనుండియే వచ్చెను. ఆ జీతముతోనే తాటాకులను బ్రతికించెను. గుంటూరు రైతు చెల్లించిన శిస్తులో కొంత, చుట్టు తిరిగి, మనుచరిత్రకు టీకయై వచ్చినదనుకొన్నను తప్పు లేదు. అప్పుడు ఆ టీకకు మనము ఋణపడినది బ్రౌనునకు మాత్రమేనా?

ఈ మాట పండితుల దగ్గరకు తెచ్చును. మనుచరిత్ర, వసుచరిత్రల పరిష్కరణమున శ్రమించినవాడు జూలూరి అప్పయ్య. ఊరూర తిరిగి ప్రతులు కూర్చినవాడు వఠ్యం అద్వైత బ్రహ్మయ్య. బ్రౌనును ఎరిగినవారు వేలకొలది యుండగా వీరిని ఎరిగినవారు వేళ్లపై లెక్కింపదగినంతమంది. వారికి జీతము ముట్టినది గదా యని కొందరందురు. ఈ వాదము మాకు రుచింపదు. జీతము కూలికి చెల్లు. విద్యకు చెల్లు కాదు. బ్రౌనునకును కుంఫిణీ జీతము ముట్టినది. అంతమాత్రమున ఆయనకు ఋణము లేదని ఎవ్వరును అనుటలేదే!

బ్రౌను కంటె ముందువాడైన కల్నల్ కాలిన్ మెకంజీ కథలో ఇది మరింత స్పష్టము. సర్వేయరుగా దేశమంతయు కొలుచుచు, ఆయన శాసనములు, గ్రామచరిత్రలు, వ్రాతప్రతులు రాశులుగా కూర్పించెను. భాషలెరిగి ఊరూర తిరిగినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి, వారి వెనుక మరికొందరు. బొర్రయ్య 1803లో చిన్నవయస్సుననే మరణించెను. 1816లో థామస్ హిక్కీ వ్రాసిన చిత్రపటమున మెకంజీ ఎఱ్ఱని కోటుతో నడుమ నిలిచియుండును. చుట్టు మన దేశస్థులు ముగ్గురు కలరు, వారిలో ఒకరి చేతిలో తాటాకు గ్రంథము, మరియొకరి చేతిలో దూరదర్శిని. 1821లో మెకంజీ మరణింపగా, పని ఆగిపోరాదని లక్ష్మయ్య తానే దానిని సాగింతునని ప్రభుత్వమును వేడుకొనెను. 1830ల దశకమున ఆ విన్నపము కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పరిశీలనకు పోయినది. జేమ్స్ ప్రిన్సెప్ మొదలగువారు, ఇట్టి పరిశోధనమును స్వతంత్రముగా నడుపు యోగ్యత ఈ దేశస్థునకు ఉండదని తేల్చిరి. ఇరువది యేండ్లకు పైగా ఆ పనియే చేసిన మనుష్యుని గూర్చి చెప్పిన మాట ఇది! అశోకుని లిపిని చదివి లోకమునకు మహోపకారము చేసిన ప్రిన్సెప్పే ఇట్లు చెప్పెను. ఉపకారము ఉపకారమే, ఈ మాటయు మాటయే. ఒకదానిని రెండవదానినుండి తీసివేయవలదని మేము పైన చెప్పినది ఇందుకే.

ఎల్లిసు కథయు ఇట్టిదే. తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదని, దక్షిణదేశ భాషలు వేరొక కుటుంబమని 1816లో ఆయన చూపెను. ఆ నిరూపణకు పట్టాభిరామ శాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికయు, బందరు మామిడి వెంకయ్య మాటలును ఆధారములు. సిద్ధాంతమునకు దొర పేరు నిలిచినది.

ఇంతవరకు వచ్చిన పేర్లలో మా సీమవి లేవని పాఠకులు గమనించియుందురు. దానికి కారణము సరస్వతీ కటాక్షము తక్కువయగుట కాదు, ఒక సంధిపత్రము. 1800 సంవత్సరమున నిజాము కడప, బళ్లారి మొదలగు సీమలను కుంఫిణీకి దత్తము చేసెను. కడపకు కలెక్టరు వచ్చెను, కలెక్టరు కచేరికి బ్రౌను వచ్చెను. ఎలగందుల సీమ నిజాము క్రిందనే నిలిచెను; జగిత్యాలకు బ్రౌను రాలేదు. మెకంజీ నైజాము రాజ్యమున కొలతలు చేసినవాడే గాని, ఆయన కూర్పించిన కైఫీయతులలో అధికభాగము దత్తమండలములవి, సర్కారులవి. పాశ్చాత్యులు జగిత్యాలకు అసలే రాలేదనుటకు వీలులేదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి నిపుణులు నక్షత్రాకారముగా కట్టిన కోట ఊరి నడుమ నేటికిని నిలిచియున్నది. కడపకు నిఘంటువు, మాకు కోట! ఏ గీతకు ఈవల ఏ తాటాకు ఉన్నదో దానినిబట్టి దాని ఆయువు నిర్ణయమైనది.

మా ఏలికల కచేరిభాష మొదట పారసీకము, పిదప ఉర్దూ. ఏలుటకు తెలుగుతో వారికి పని పడలేదు. కావున తెలుగును గూర్చి శ్రమపడలేదు. నేర్చి ఏలినవాడు మేలా, నేర్వకయే ఏలినవాడు మేలా? నేర్చినవాడు మన మాటలతోనే మనలను కట్టివేయగలడు. నేర్వనివాడు మనకు మాటలు కలవనియే ఎరుగడు. ఉర్దూ మాధ్యమముగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు అది దేశభాషకు గౌరవమే. మా తెలుగు పిల్లవానికి మాత్రము అదియు నేర్చుకొనవలసిన భాషయే. న్యాయముగా ఇంకొకటియు చెప్పవలెను. ఆ నిజాము ప్రభుత్వమే 1914లో పురావస్తుశాఖను నెలకొల్పి, తరువాతి కాలమున తెలంగాణ శాసనములను అచ్చొత్తించెను.

అయినను పనిలో పెద్ద భాగమును జనులే ఎత్తుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరని ఒకరు ఎత్తిపొడువగా, సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను చూపెను. పరిశోధక మండలివారు శాసనములకై పల్లెపల్లెకు తిరిగి, 1935లో తెలంగాణా శాసనములను అచ్చువేసిరి. బ్రౌను చేసిన పనియే ఇది. కాని వెనుక కలెక్టరు కచేరి లేదు. ఎత్తిపొడుపునకు జవాబుగా ఎదుటివానిని తిట్టక, కవులను వెదకిరి. ఋషిఋణము తీర్చు పద్ధతి ఇదియే గదా. వీరు బ్రౌను పటమునకు దండ వేసిరో లేదో మేము విచారింపము.

ధర్మపురి శేషప్ప కవిని తలచుకొనుడు. ఆయన నృసింహ శతకము తెలుగు నేలయంతట పిల్లల నోట నున్నది. ఆయన జీవితమును గూర్చి మనకు తెలిసినది మిక్కిలి తక్కువ. శతకమునకు బ్రౌను అక్కరలేకపోయెను, కంఠములే దానిని కాపాడినవి. కాని కంఠము పద్యమును మోయును గాని, దానిని వ్రాసినవాని ఊరును, గురువును, సంవత్సరమును మోయదు. గంగాధర సమీపమున కురిక్యాల గుట్టపై పంపకవి సోదరుడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందపద్యములు వేయేండ్లకు పైగా ఎండకు ఎండి, వానకు తడిసినవి. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున గాని పండితలోకమున వాటికి తగిన చర్చ కలుగలేదు. అవి రాతివి గనుక వేచియుండగలిగినవి.

తాటాకు వేచియుండదు. మా ప్రాంతపు పాత ఇండ్లలో అటకపైనను, దేవుని అరలోను ఎఱ్ఱగుడ్డలో చుట్టిన కట్టలు ఇంకను కొన్ని కలవు. చదువువారు లేరని, ఇంటిలో నుంచుకొనరాదని, పుష్కరములకు ధర్మపురిలో గోదావరి పాలు చేయువారును కలరు. అట్టి కట్ట ఎవరి ఇంటనైన నున్నచో, తడిచేతితో తాకక, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, దారము విప్పి, మొదటి ఆకును గాక చిట్టచివరి ఆకును చూడుడు. అక్షరములు కనబడనిచో పసరుతో కలిపిన మసి పూయుట పూర్వపు పద్ధతి. నేడు అది చేయక, ఎరిగినవారికి చూపుట క్షేమము. గ్రంథము ఎవరిదో గద్యలో నుండును. దాని తరువాత, సంవత్సరము, మాసము, తిథి, వారము చెప్పి, ఫలానావాని కుమారుడు ఫలానావాడు వ్రాసెనని, తప్పులున్న మన్నింపుడని, ఒక పంక్తి తరచుగా కనబడును. ఆ పంక్తిని ముందు ఎత్తి వ్రాసికొనుడు.